ఫ్రీ సాఫ్ట్‌వేర్‌కి చందా అడగడం గురించి

విజయనగరం

పిల్లలూ,

మొన్న ఫోన్లో అన్నీ సగం సగమే మాట్లాడుకున్నాం. కాగితం మీద పెడితే మీ జట్టు మొత్తం చదువుకుంటుందని రాస్తున్నాను. "ఫ్రీ అని మనమే చెప్పాం కదా తాతా, మళ్లీ డబ్బులడిగితే జనం ఏటనుకుంటారు?" అని మీలో ఒకరు అడిగారు. ముందు ఆ మొహమాటం సంగతి చూద్దాం. మిగతా పనులన్నీ దాని దగ్గరే ఆగిపోయాయి.

బడి లైబ్రరీలో ఏ పుస్తకం ఎవరి దగ్గరుందో రాసుకోవడానికి మీరు తయారుచేసిన ప్రోగ్రాం ఫ్రీ. ఎవరైనా వాడుకోవచ్చు, లోపల ఎలా రాశారో చూడొచ్చు, తమ అవసరానికి మార్చుకోవచ్చు, ఇంకొకరికి ఇవ్వొచ్చు. అది మీరిచ్చిన మాట. ఎన్ని ఇబ్బందులొచ్చినా ఆ మాట తప్పకండి. అయితే ఆ ప్రోగ్రాం నడిచే మెషీన్ ఎవరికీ ఊరికే రాదు. డేటా సెంటర్లో అది రాత్రీ పగలూ ఆగకుండా తిరగాలంటే కరెంటు కావాలి, ఏసీ కావాలి, నెట్ లైను కావాలి, డిస్కు పాడైతే మార్చడానికి మనిషి కావాలి. ఇన్నాళ్లూ ఆ బిల్లు మీలో ఇద్దరు తమ ఖర్చుల డబ్బులోంచి కడుతున్నారు. అంటే చందా ఇప్పటికే వసూలవుతోంది, ఇద్దరి దగ్గరే వసూలవుతోంది.

డబ్బు అడగడం ఫ్రీ సాఫ్ట్‌వేర్ దారికి కొత్త కాదు. అందరూ స్వేచ్ఛగా వాడుకునే సాఫ్ట్‌వేర్ తయారుచెయ్యాలని 1983లో గ్నూ ప్రాజెక్టు ప్రకటించిన రిచర్డ్ స్టాల్‌మన్, 1985లో ఈమాక్స్ అనే తన ఎడిటర్‌ని (రాతలు రాసి దిద్దుకునే ప్రోగ్రాంని) టేపు మీదకి ఎక్కించి 150 డాలర్లకు పంపేవాడు. నెట్‌వర్క్ అందుబాటులో ఉన్నవాళ్లు ఊరికే దించుకునేవారు, లేనివాళ్లు డబ్బు కట్టి టేపు తెప్పించుకునేవారు. అందులో ఆయనకు ఏ తప్పూ కనిపించలేదు. మీరు రోజూ చూసే వికీపీడియా ప్రకటనలు వేసుకోకుండా ఎక్కువగా పాఠకుల విరాళాలతోనే నడుస్తోంది.

అడగకపోతే ఏమవుతుందో కూడా తెలుసుకోండి. వెబ్‌సైట్లకీ మనకీ మధ్య నడిచే సమాచారాన్ని రహస్యంగా ఉంచే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉంది. ప్రపంచంలో లక్షల సర్వర్లు, అంటే సైట్లను నడిపే మెషీన్లు, దాని మీదే ఆధారపడ్డాయి. 2014 ఏప్రిల్‌లో అందులో హార్ట్‌బ్లీడ్ అనే పెద్ద లోపం బయటపడింది. అప్పటివరకూ ఆ ప్రాజెక్టుకు వస్తున్న విరాళాలు ఏడాదికి సుమారు 2,000 డాలర్లు. అంతమంది వాడుతున్నారు, ఎవరో ఒకరు ఇస్తూనే ఉంటారులే అని అందరూ అనుకున్నారు. గొడవ జరిగాక పెద్ద కంపెనీలు కదిలివచ్చి డబ్బు పోగుచేశాయి. మీది చిన్న ప్రాజెక్టే, కానీ బళ్లలో టీచర్లు దాన్ని నమ్మి పాత రిజిస్టర్లు అటక మీద పెట్టేశారు. ఆ నమ్మకం చిన్నది కాదు.

మన పక్కనే శ్రీకాకుళంలో కథానిలయం ఉంది. ఎప్పుడైనా వెళ్లి చూడండి. కాళీపట్నం రామారావు మాస్టారు తెలుగు కథలన్నీ ఒక్కచోట చేర్చాలని 1997లో దాన్ని మొదలుపెట్టారు. ఆయన తనకు వచ్చిన పురస్కారాల డబ్బు పెడితే, ఎక్కడెక్కడివాళ్లో పాత పత్రికలూ పుస్తకాలూ పంపారు, డబ్బు ఇచ్చారు. మాస్టారు 2021లో పోయారు. కథానిలయం ఆగలేదు. అడిగితే ఇచ్చే జనం మన జిల్లాల్లో ఉన్నారు, ఎందుకు అడుగుతున్నామో వాళ్లకు తెలియాలి, అంతే.

మరి ఎందుకు అడుగుతున్నాం? దాతలకు అర్థమయ్యేలా చెప్పడం మీరు నేర్చుకోవాలి. "బెటర్ హోస్టింగ్ కావాలి" అంటే మీ మేనత్తకు ఏం తెలుస్తుంది? ఇలా చెప్పండి. హోస్టింగ్ అంటే సైటు పెట్టుకోవడానికి మెషీన్‌లో చోటు అద్దెకు తీసుకోవడం. ఇప్పుడు మనది షేర్డ్ హోస్టింగ్. ఒకే మెషీన్ మీద చాలామంది సైట్లు ఉంటాయి, మెమరీ అందరిదీ. మనకు కేటాయించిన హద్దు దాటగానే కంపెనీవాళ్లు మన సైటును కాసేపు ఆపేస్తారు. జూన్‌లో బడులు తెరిచిన వారంలో టీచర్లందరూ ఒకేసారి పుస్తకాలు ఎక్కించడం మొదలుపెట్టారు, సరిగ్గా అప్పుడే ఆగిపోయింది. నలభై పుస్తకాల వివరాలు టైపు చేసి సేవ్ నొక్కిన టీచరమ్మకు స్క్రీన్ మీద 503 అని అంకె ఒక్కటే కనిపించింది, సైటు ఇప్పుడు అందుబాటులో లేదని దాని అర్థం. మళ్లీ మొదటినుంచీ కొట్టుకోవాలి. వీపీఎస్‌కి, అంటే ఒకే మెషీన్‌లో మనకంటూ విడిగా కేటాయించిన భాగానికి, మారితే మెమరీలో మన వాటా మనకే ఉంటుంది, పక్కవాడి రద్దీ మన మీద అంతగా పడదు. రోజూ వేరే చోట బ్యాకప్ కూడా పెట్టుకోవచ్చు. టీచరమ్మ సంగతి ముందు చెప్పి, వీపీఎస్ సంగతి తర్వాత చెప్పండి.

ఇంట్లోనే ఒక పాత కంప్యూటర్ పెట్టుకుని నడిపేస్తే ఖర్చుండదు కదా అని ఒకబ్బాయి అన్నాడట. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి చెట్లు, జీడిమామిడి చెట్లు కూకటివేళ్లతో లేచిపోయాయి, ఊళ్లకు ఊళ్లు రోజుల తరబడి కరెంటు లేకుండా ఉన్నాయి. బడుల లెక్కలన్నీ ఒక ఇంటి గదిలో ఉన్న డబ్బాలో పెట్టే ఆలోచన నాకు నచ్చలేదు.

అడగడానికి ముందు మన ఇల్లు సర్దుకోవాలి. మీ సర్వర్లో పాత వెర్షన్లన్నీ అలాగే పడి ఉన్నాయి. 200 ఎంబీ ఫైలును 500 మంది దించుకుంటే 100 జీబీ డేటా పోయినట్టే. ఆ ఫైళ్లను ఏ కాలేజీ సర్వర్ మీదో మిర్రర్‌గా, అంటే అక్కడినుంచి కూడా దించుకునేలా నకలుగా, పెట్టమని అడగండి. డెబియన్‌లాంటి పెద్ద ఫ్రీ సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుల ఫైళ్లు ప్రపంచమంతా విశ్వవిద్యాలయాలూ సంస్థలూ తమ సర్వర్ల మీద పెట్టుకుని పంచుతున్నాయి. చోటు ఇచ్చినవాళ్లు కూడా దాతలే, వాళ్ల పేరూ రాయండి. లాగ్ ఫైళ్లతో (సర్వర్ తన పనులు తనే రాసుకునే చిట్టాలతో) డిస్కు నిండిపోతే డేటాబేస్ కొత్త మాట రాసుకోలేదు. అది డబ్బుతో తీరే కష్టం కాదు, శుభ్రం చేస్తే తీరిపోతుంది. ఇవన్నీ చేశాక కూడా ఎంత కావాలో, అంతే అడగాలి.

ఇప్పుడు లెక్క. హోస్టింగ్ నెలకు 1,000 రూపాయలు అనుకుందాం. ఏడాదికి 12,000. దాని మీద జీఎస్టీ 18 శాతం, అంటే 2,160. మొత్తం 14,160. నెలకు పది రూపాయల చొప్పున 118 మంది ఇస్తే ఏడాది గడిచిపోతుంది. నా ఉద్యోగమంతా పోస్టాఫీసులో ఆర్‌డీ ఖాతాలు చూస్తూనే గడిచింది కాబట్టి, చిన్న మొత్తం నెలనెలా వస్తే దాని బలం ఎంతో నాకు బాగా తెలుసు. ఒక్క పెద్దమనిషి 14,160 ఒకేసారి ఇస్తానంటే వద్దనకండి, కానీ 118 మందిని వెతకడం మానకండి. ఆయన వచ్చే ఏడాది ఇవ్వకపోతే మీరు మళ్లీ మొదటికే వస్తారు. 118 మందిలో పదిమంది తగ్గినా ఏడాదికి తక్కువపడేది 1,200 రూపాయలే. యూపీఐ ఆటోపే ఉంది కదా, దాతకి నెలనెలా గుర్తుపెట్టుకునే పని ఉండదు. డొమైన్ (సైటు పేరు) రెన్యువల్, బ్యాకప్ ఖర్చు వేరే వరసలో రాయండి, అన్నీ కలిపేసి ఒక్క అంకె చెప్పకండి.

డబ్బు ఎవరి ఖాతాలో పడాలి? ఇక్కడ మాత్రం నేను గట్టిగా చెబుతున్నాను, ఎవరి సొంత ఖాతాలోనూ పడకూడదు. మీరు ఎంత మంచివాళ్లైనా సరే. సొంత ఖాతాలో ఇంటి డబ్బూ చందా డబ్బూ కలిసిపోతాయి, రేపు ఎవరైనా అడిగితే విడదీసి చూపించడం కష్టం. మన రాష్ట్రంలో 2001 నాటి సొసైటీల చట్టం ప్రకారం ఏడుగురు కలిస్తే సంఘం రిజిస్టర్ చేసుకోవచ్చు. మీరు ఇప్పటికే ఐదుగురున్నారు. ఇంకో ఇద్దరిగా మీ ప్రోగ్రాం వాడే టీచర్లను తీసుకోండి, వాడేవాళ్ల కష్టం మీటింగులో వినబడుతుంది. సంఘం పేరు మీద పాన్ కార్డు, బ్యాంకు ఖాతా తీసుకోండి. చెక్కు మీద ఇద్దరి సంతకాలు ఉండాలి.

అమెరికాలో ఉన్న మన ఊరివాళ్లు ఇస్తామంటారు. ఆగండి. విదేశీ విరాళం తీసుకోవాలంటే సంఘానికి 2010 నాటి ఎఫ్‌సీఆర్ఏ చట్టం కింద అనుమతి ఉండాలి. అక్కడ ఉన్నా భారత పౌరులుగానే ఉండి, తమ సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందకు రాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్ల డబ్బు మాత్రం వస్తుంది. పంపుతానన్నవాళ్లను ఈ ప్రశ్న మొదటే అడగండి, అనుమానం ఉంటే ఆడిటర్ని అడగండి. డబ్బు వచ్చేశాక అడిగితే లాభం లేదు.

లెక్క చూపించడం మాత్రం ఊరి అమ్మవారి పండక్కి చేసినట్టే చెయ్యండి. పండగయ్యాక ఎవరెంత ఇచ్చారో, డప్పులకెంత, పందిరికెంత, మిగిలిందెంతో రాసి గుడి గోడకు అంటిస్తారు చూడండి, అలా. మీ సైటులో ఒక పేజీ ఉంచి, నెలనెలా వచ్చిందీ ఖర్చైందీ రాయండి, హోస్టింగ్ కంపెనీ బిల్లును కూడా పెట్టండి. పేరు వద్దన్నవాళ్ల పేరు రాయకండి. డబ్బు మిగిలితే మిగిలిందనే రాయండి. సైటు ఆగిపోయిన రోజు కూడా అదే పేజీలో చెప్పండి, ఎంతసేపు ఆగిందో, ఎందుకు ఆగిందో. డబ్బిచ్చినవాళ్లకు అది తెలుసుకునే హక్కుంది.

ఇవ్వనివాళ్లకు మాత్రం ఏ లోటూ చెయ్యకండి. డబ్బు ఇచ్చిన బడికి వేగంగా, ఇవ్వని బడికి నెమ్మదిగా అనే ఆలోచన ఎవరు తెచ్చినా ఒప్పుకోకండి. ఏజెన్సీ ఊళ్లలో ఉన్న బడి పది రూపాయలు కూడా పంపలేకపోవచ్చు. ఆ బడి కోసమే కదా మీరు దీన్ని ఫ్రీగా రాశారు.

చందా అడిగే కాగితం ఒక పేజీ మించకుండా తెలుగులో రాసి నాకు పంపండి. దిద్ది రెండు రోజుల్లో తిప్పి పంపుతాను. సంఘం బైలాస్ (నియమావళి) నమూనా రిజిస్ట్రార్ ఆఫీసులో అడిగి తెస్తాను. మొదటి పది రూపాయల ఆటోపే నాది. మీ నాయనమ్మ తనదీ వేరేగా రాయమంటోంది, కాబట్టి ఇంకా 116 మంది కావాలి.

మీ తాతయ్య