బస్తీలో గ్యాంగులు: అపోహలు – వాస్తవాలు

గ్యాంగుల గురించి మాట తీస్తే అందరూ కత్తుల దగ్గర మొదలుపెడతారు. మేం రాజీల దగ్గర మొదలుపెడతాం.

అపోహ: “అన్న మాట్లాడి సెటిల్ చేశాడు, గొడవ అయిపోయింది.”

అన్న అంటే బస్తీలో గ్యాంగు నాయకుడు. సెటిల్‌మెంటే ఆయనకి ఆదాయం. చేబదులు, స్థలం హద్దు, ఖాళీ చేయని అద్దె ఇల్లు: ఏ తగువు తీసుకెళ్లినా మధ్యలో వాటా ఆయనదే. మాట వినని వైపు నలుగురు కుర్రాళ్లు బైకుల మీద వెళ్తారు. అదే తగువులో ఇంకో అన్న వేలు పెట్టాడంటే ముఠాల పోరు మొదలైనట్టే. 2020 మే నెలాఖరున విజయవాడ పటమటలో రెండు ముఠాలు కొట్టుకుని ఒకరు చనిపోయిన ఘటన వెనకా ఒక స్థలం సెటిల్‌మెంటు ఉంది.

ఇంకో సంగతి. హత్యాయత్నం కేసు (భారతీయ న్యాయ సంహిత 109వ సెక్షన్) రాజీ చేసుకోదగ్గ నేరాల్లో లేదు. తెల్లకాగితం మీద ఎన్ని సంతకాలు పెట్టించినా కేసు దానంతటది పోదు. పోయేది సాక్ష్యమే.

రెండో దాడికి అదను ఎప్పుడో బస్తీలో ముందే తెలుస్తుంది: గాయపడ్డవాడు ఆస్పత్రిలో ఉన్న రాత్రులు, దహనం లేదా ఖననం రోజు, నిందితుడికి బెయిలొచ్చిన రోజు, అన్న పుట్టినరోజు. తల్వారుతో కేకు కోసి రీల్ పెట్టారంటే అది అవతలి వాళ్లకు పంపిన కబురే. ఆ వీడియో డిలీట్ అయ్యేలోపు లింకు, ఖాతా పేరు, తేదీ, సమయం రాసుకుని స్టేషన్లో ఇవ్వండి. ఆ రోజుల్లో సర్దిచెప్పడానికి ఇరువైపుల ఇళ్లకూ ముగ్గురు నలుగురు వెళ్తే చాలు. వాళ్లలో ఆ కుర్రాళ్ల ఈడువాళ్లు ఉండకూడదు. రెండు కుటుంబాలూ గౌరవించే ఒక పెద్దావిడ ఉంటే సగం పని అయినట్టే. ‘తప్పెవరిది’ అనే పంచాయితీ ఆ వారం పెట్టొద్దు. పిల్లాణ్ణి పదిహేను రోజులు ఊళ్లో మేనమామ ఇంటికి పంపించేస్తారా అని మాత్రం అడగండి.

అపోహ: “కత్తిపోటు తిన్నవాణ్ణి ముట్టుకుంటే మనమే కేసులో ఇరుక్కుంటాం. పోలీసులు రాకుండా డాక్టరూ చూడడు.”

ముందు వైద్యం, తర్వాతే కాగితాలు అని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. ప్రభుత్వ ఆస్పత్రికైనా ప్రైవేటుకైనా ఇదే వర్తిస్తుంది. మెడికో లీగల్ కేసుగా నమోదు చేసి పోలీసులకు తెలిపే బాధ్యత ఆస్పత్రిదే.

108కి ఫోన్ చేశాక: కత్తి ఒంట్లోనే ఉంటే పీకొద్దు, అది కదలకుండా చుట్టూ గుడ్డ పేర్చండి. కత్తి లేకపోతే మడిచిన గుడ్డ పెట్టి అరచేత్తో గట్టిగా నొక్కి పట్టండి. రక్తం ఆగిందా అని మాటిమాటికీ ఎత్తి చూడడమే ఎక్కువమంది చేసే పొరపాటు. కట్టిన గడ్డ ఊడి మళ్లీ కారుతుంది. తడిసిపోతే దాని మీదే ఇంకో గుడ్డ వేయండి. తాగడానికి నీళ్లివ్వొద్దు. చొక్కా కత్తిరించాల్సొస్తే కత్తి దిగిన చిరుగును వదిలేసి పక్కనుంచి కత్తిరించండి. ఆ చొక్కాను పాలిథిన్ కవర్లో కుక్కితే తడికి బూజు పట్టి ల్యాబ్‌లో పనికిరాకుండా పోతుంది. కాగితం సంచీలో వేసి పోలీసులకు ఇవ్వండి.

అపోహ: “రౌడీషీట్ అంటే శిక్ష. ఒకసారి తెరిస్తే జన్మంతా అంతే.”

అది స్టేషన్లో ఉండే నిఘా రికార్డు. కోర్టు తీర్పు కాదు. పోలీసు స్టాండింగ్ ఆర్డర్ల ప్రకారం ‘అలవాటుగా’ నేరం చేసేవాడి మీదే తెరవాలి, దానికి ఏసీపీ లేదా డీఎస్పీ స్థాయి ఉత్తర్వు ఉండాలి. డిసెంబరు దాటి కొనసాగించాలంటే సమీక్షించాలి. నిఘా పేరుతో అర్ధరాత్రి ఇంట్లోకి వచ్చే నిబంధనను సుప్రీంకోర్టు 1962లోనే కొట్టేసింది.

మారినవాడు షీటు మూయమని అడగొచ్చు. అన్ని కేసుల నంబర్లు, కొట్టేసిన ప్రతి కేసు తీర్పు సర్టిఫైడ్ కాపీ, ఇప్పుడు చేస్తున్న పని రుజువు జతచేసి ఏసీపీకి రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోవాలి. ఇక్కడ బెడిసికొట్టేది తీర్పు కాపీ దగ్గరే. కోర్టులో కొట్టేసిన కేసు స్టేషన్ పుస్తకంలో ఏళ్ల తరబడి పెండింగుగానే ఉండిపోతుంటుంది. జవాబు రాకపోతే హైకోర్టులో రిట్ వేయాలి. లాయరుకు స్తోమత లేనివాళ్లు న్యాయ సేవాధికార సంస్థ నంబరు 15100కి ఫోన్ చేయొచ్చు. షీటర్లందర్నీ ఎండలో వరసగా నిలబెట్టి ఫొటోలు తీయడం పేపరుకి బావుంటుంది. ఆ ఫొటో చూసి పని ఇచ్చే యజమాని ఎవరూ మాకు తగల్లేదు.

అపోహ: “మైనర్లు కదా, వాళ్లకేం కాదు.”

అన్న కూడా ఇదే లెక్క వేసుకుంటాడు, బ్లేడు పదహారేళ్లవాడి చేతికిస్తాడు. పదహారు నిండినవాడు ఘోరమైన నేరం చేస్తే, పెద్దవాళ్లలా విచారించాలా అన్నది బాల న్యాయ మండలి పరిశీలిస్తుంది. పిల్లలతో నేరం చేయించినవాడికి న్యాయ సంహిత 95వ సెక్షన్ కింద 3 నుంచి 10 ఏళ్ల జైలు. కానీ బండి ఎవరిది, పెట్రోలు డబ్బులెవరిచ్చారు, ముందురోజు ఫోన్ చేసి పిలిచిందెవరు అన్నవి ఫిర్యాదులో రాయకపోతే ఎఫ్ఐఆర్‌లో కుర్రాడి పేరే మిగులుతుంది.

అపోహ: “బైండోవర్ చేశారుగా, పీడీ యాక్ట్ పెడతారుగా, ఇక పీడ విరగడ.”

బైండోవర్ అంటే ఏడాది వరకు, అలవాటుగా నేరాలు చేసేవాళ్లయితే మూడేళ్ల వరకు గొడవ చేయనని రాసిచ్చే పూచీకత్తు. గడువులో ఉల్లంఘిస్తే జైలుకు పంపొచ్చు. మళ్లీ బెదిరించినప్పుడు జనం నోటిమాటగా చెప్పి ఊరుకోవడంతో అది చిత్తు కాగితమైపోతోంది. కొత్త ఫిర్యాదులో పాత బైండోవర్ తేదీ తప్పక రాయండి.

పీడీ యాక్ట్ అంటే నేరం చేయకుండా ముందే నిర్బంధించే చట్టం. ఆ నిర్బంధం గరిష్ఠంగా 12 నెలలు. మామూలు శాంతిభద్రతల సమస్యకూ ప్రజాజీవనం స్తంభించే పరిస్థితికీ తేడా చూడకుండా ఇచ్చిన ఉత్తర్వులను సుప్రీంకోర్టు కొట్టేసింది. తెలంగాణ నుంచి వెళ్లిన కేసుల్లో 2022లో, 2023లో గట్టిగానే మందలించింది. ఎక్కువ కాలం పనిచేసేది అసలు కేసులో శిక్షే, దానికి నిలబడే సాక్షి కావాలి.

సుప్రీంకోర్టు 2018 డిసెంబరులో ఆమోదించిన సాక్షుల రక్షణ పథకం కింద జిల్లా జడ్జి అధ్యక్షతన ఉండే కమిటీకి, జిల్లా ప్రాసిక్యూషన్ అధిపతి ద్వారా దరఖాస్తు పెట్టుకోవాలి. ముప్పు ఎంతన్నది ఏసీపీ లేదా డీఎస్పీ 5 పనిదినాల్లో నివేదించాలి. రక్షణ ఒక్కో విడతకు 3 నెలలకు మించదు. కోర్టు వాయిదా ఆ గడువు దాటాక ఉంటే, గడువు ముగియకముందే ఆ వాయిదా తేదీ చూపించి మళ్లీ దరఖాస్తు ఇవ్వండి.