పోస్టరు గోడకెక్కే ముందు: హైస్కూలు డిజైన్ ప్రాజెక్టులపై అపోహలు, వాస్తవాలు

విజయనగరంలో డిజైన్, ముద్రణ పనులు చేస్తూ, ఎనిమిది నుంచి పదో తరగతి వరకు చదివే పిల్లల ప్రాజెక్టులకు సాయపడుతున్న నాకు ఉపాధ్యాయుల నుంచి, తల్లిదండ్రుల నుంచి తరచు వినిపించే అభిప్రాయాలు కొన్ని ఉన్నాయి. అవి చాలావరకు కంప్యూటరు గురించినవే తప్ప చూసేవారి గురించినవి కావు. పోస్టరైనా, కరపత్రమైనా, పుస్తకం అట్టయినా దాన్ని ఎవరు, ఎంత దూరం నుంచి, ఎంతసేపు చూస్తారన్నది తేలాకే మిగిలినవన్నీ తేలుతాయి.

అపోహ: ఖరీదైన కంప్యూటరు, డబ్బు పెట్టి కొన్న సాఫ్ట్‌వేరు లేనిదే ప్రాజెక్టు సాధ్యం కాదు.

వాస్తవం: గీతల బొమ్మలకు ఇంక్‌స్కేప్, రంగులు వేయడానికి క్రిటా, ఫొటోలు దిద్దడానికి గింప్ పూర్తిగా ఉచితంగా దొరుకుతాయి. పిల్లల చేత ఫొటోషాప్ దొంగ కాపీ వాడించి, మరుసటి పీరియడ్‌లో నిజాయితీ పాఠం చెప్పడం నాకు మింగుడుపడదు. ల్యాబు లేని చోట నల్ల స్కెచ్ పెన్నుతో తెల్ల కాగితం మీద గీసి, పగటి వెలుగులో ఫోన్‌తో ఫొటో తీసి, ఏదో ఒక కంప్యూటరు అందినప్పుడు ఇంక్‌స్కేప్‌లోని ‘ట్రేస్ బిట్‌మ్యాప్’ ద్వారా దాన్ని వెక్టర్ బొమ్మగా, అంటే చుక్కలతో కాక గీతలతో ఏర్పడే బొమ్మగా మార్చుకోవచ్చు. అలా మార్చిన బొమ్మను నోటు పుస్తకం లేబులు మీదికి కుదించినా, ఆరడుగుల ఫ్లెక్సీకి పెంచినా అంచులు చెదరవు.

అపోహ: కంప్యూటరు వచ్చాక చేతితో గీయవలసిన పని లేదు.

వాస్తవం: పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి పల్లెల నుంచి వచ్చేవారి కోసం దారి చూపే పటం తయారుచేయమని పిల్లలకు చెప్పి చూడండి. నేరుగా తెర ముందు కూర్చున్నవారు మొదట అమ్మవారి ఫొటో, పూల అంచు, మెరిసే అక్షరాలు వెతుకుతారు. పెన్సిలుతో మొదలుపెట్టినవారు మూడు లాంతర్ల దగ్గరి అమ్మవారి చదురుగుడి ఎక్కడ, కోట ఎక్కడ, ఆ రెంటి మధ్య పూజారి కూర్చున్న పొడవాటి సిరిమాను మూడుసార్లు తిరిగే వీధి ఏది, బస్సు దిగినవారు ఎటు నుంచి వస్తారు అన్న లెక్కలో పడతారు. అగ్గిపెట్టె అంత గడుల్లో అయిదారు చిత్తు నమూనాలు గీయించి, వాటిలో ఒకదాన్ని ఎందుకు ఎంచుకున్నారో రెండు వాక్యాల్లో రాయించాకే కంప్యూటరు తెరవనివ్వాలన్నది నా పద్ధతి.

అపోహ: తెలుగు అక్షరాలకు ఏ ఫాంటు పెట్టినా ఒకటే, అందంగా కనిపిస్తే చాలు.

వాస్తవం: పిల్లల పోస్టర్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. ఇంగ్లీషు పాఠాల్లో నేర్పే వరుసల ఎడం తెలుగుకు సరిపోదు. మనకు పైన గుడులు, కింద ఒత్తులు ఉంటాయి కనుక, ఒక వరుసలోని ‘రాష్ట్రం’ కింది ఒత్తులు తర్వాతి వరుసలోని ‘శ్రీకూర్మం’ గుడిని తాకి, రెండూ చదవరాకుండా పోతాయి. ఫాంటు ఎంచుకునే ముందు ఇలాంటి మాటలనే ఒకదాని కింద ఒకటి పెట్టి చూసి, కనీసం అక్షరం సైజుకు ఒకటిన్నర రెట్ల ఎడంతో మొదలుపెట్టి, అక్కడి నుంచి కంటికి నచ్చినట్టు సర్దుకోవాలి. ఖాళీ నింపడానికి అక్షరాలను అడ్డంగా సాగదీయడం, ఒకే మాట చుట్టూ రెండు రంగుల అంచులు కట్టి నీడ వేయడం మన ఊళ్ల ఫ్లెక్సీల నుంచి అంటుకున్న అలవాట్లు. మరీ లావు ఫాంటును చిన్న సైజులో వాడితే ‘ద’ను ‘ధ’గా, ‘బ’ను ‘భ’గా మార్చే చిన్న గీత పూడుకుపోతుంది, నాలుగడుగుల దూరం నుంచే ఏ అక్షరమో తెలియదు. బోర్డులు రాసే పనిలో పది అడుగుల దూరానికి అంగుళం ఎత్తు అక్షరం అన్న లెక్క ఒకటి ఉంది. తెలుగు అక్షరంలో వంపులు ఎక్కువ కనుక నేను అంతకంటే కొంచెం ఎక్కువే ఇస్తాను.

ఏ ఫోన్‌లోనైనా, కంప్యూటరులోనైనా ఒకేలా చదవగలిగే యూనికోడ్ పద్ధతిలో తెలుగు ఫాంట్లు లేవన్న మాట కూడా ఇప్పుడు చెల్లదు. ప్రవాస తెలుగువారి సంస్థ సిలికానాంధ్ర విడుదల చేసినవి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్నాయి. చదివించే పాఠానికి మండలి, పెద్ద శీర్షికకు రామభద్ర బాగా నప్పుతాయి. మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వారి పేర్లతో గిడుగు, గురజాడ ఫాంట్లు కూడా ఆ వరుసలోనే ఉన్నాయి. అయితే ప్రెస్సుల్లో చాలాచోట్ల ఇంకా అను ఫాంట్లతోనే పని నడుస్తుంది. అవి యూనికోడ్ కావు కనుక, పిల్లలు ఫోన్‌లో టైపు చేసి ఇచ్చిన పాఠాన్ని అక్కడ మళ్లీ కొట్టవలసి వస్తే కొత్త తప్పులు చేరుతాయి. అలా జరగకుండా డిజైన్‌లోని అక్షరాలను ‘కర్వ్స్’గా, అంటే ఫాంటు అవసరం లేని గీతల బొమ్మలుగా మార్చి పీడీఎఫ్ ఇవ్వడం మేలు. మార్చాక అక్షరదోషం దిద్దడం కుదరదు కనుక మార్చని ఫైలు ఒకటి దాచుకోవాలి. అడోబ్ ప్రోగ్రాముల్లో ఒత్తులు విడిపోయి కనిపిస్తే ఫాంటును నిందించే ముందు పేరాగ్రాఫ్ మెనూలో భారతీయ లిపులకు సరిపోయే ‘వరల్డ్ రెడీ’ అమరిక ఎంచుకుని చూడాలి.

అపోహ: తెర మీద బాగున్నది కాగితం మీదా బాగుంటుంది.

వాస్తవం: తెర ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగులతో రంగును చూపిస్తుంది, ముద్రణ యంత్రం నాలుగు సిరాలతో దాన్ని రాబట్టాలి. అందుకే ఫోన్‌లో మెరిసిపోయే నీలం, చిలకపచ్చ కాగితం మీదికి వచ్చేసరికి మందగిస్తాయి. ఏ4 కాగితం నిండా అంగుళానికి 300 చుక్కల చొప్పున ముద్రించాలంటే ఫొటో 2480 × 3508 పిక్సెళ్లు ఉండాలి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో కుదించుకుపోతుంది కనుక ‘డాక్యుమెంట్’గా పంపమని పిల్లలకు చెప్పాలి. ఎత్తున కట్టి దూరం నుంచి చూసే ఫ్లెక్సీకి అంత సాంద్రత అక్కర్లేదు.

అపోహ: గూగుల్‌లో దొరికిన బొమ్మ అందరిదీ.

వాస్తవం: గూగుల్ వెతికి చూపిస్తుందే తప్ప హక్కు ఇవ్వదు. 1957 నాటి కాపీరైట్ చట్టంలో తరగతి బోధనకు కొంత వెసులుబాటు ఉన్నా, అదే పోస్టరును అచ్చువేసి ఊళ్లో పంచితే సంగతి వేరు. వికీమీడియా కామన్స్‌లో ప్రతి బొమ్మ కిందా షరతులు రాసి ఉంటాయి. వాటిని చదివి, తీసినవారి పేరు పోస్టరు మూలన వేయించడాన్ని మార్కుల్లో భాగం చేయవచ్చు. అంతకంటే మంచి మార్గం పిల్లలే ఫొటోలు తీసుకోవడం. పొందూరు ఖద్దరు తయారీలో వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వే పనిని నేతవారి అనుమతితో దగ్గర నుంచి ఫొటో తీసి, దశలవారీగా ఒక పటంగా అమర్చితే దానికి సాటి వచ్చే బొమ్మ అంతర్జాలంలో వెతికినా దొరకదు.

పాతది కనుక ఎవరిదీ కాదనుకోవడం మరో పొరపాటు. ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండితో సవర గిరిజనులు వేసే చిత్రాలు పూజకు, పూర్వీకులకు సంబంధించినవి. వాటిలోని మనుషుల్ని, జంతువుల్ని కత్తిరించి వార్షికోత్సవ ఆహ్వానపత్రం అంచుకు అతికించే ముందు, ఆ బొమ్మ ఏమిటో, ఎందుకు వేస్తారో ఆ ఊరివారిని అడిగి తెలుసుకోమని పిల్లలకు చెప్పాలి.

అపోహ: కృత్రిమ మేధ ఉండగా ప్రాజెక్టుతో పనేముంది?

వాస్తవం: అది గీసిన పోస్టరులోని తెలుగు మాటలను పైకి చదవమనండి, తరచుగా అక్షరాల్లా కనిపించే గీతలే తప్ప అక్షరాలు ఉండవు. రేపు ఆ లోపం తీరినా, చిత్తు నమూనాలు లేని ప్రాజెక్టుకు నేను మార్కులు వేయను.

అపోహ: ఇది నేర్చుకుంటే ఫ్లెక్సీ షాపుకే పరిమితం.

వాస్తవం: ఫ్లెక్సీ షాపు పని చిన్నదని నేను అనుకోను గానీ, దారులు మాత్రం చాలానే ఉన్నాయి. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఫైన్ ఆర్ట్స్ విభాగం ఉంది. నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ 2015 నుంచి మన రాష్ట్రంలోనూ నడుస్తోంది. ఐఐటీల్లో డిజైన్ డిగ్రీ అయిన బీడిజైన్ ప్రవేశానికి ఐఐటీ బొంబాయి నిర్వహించే యూసీడ్ పరీక్షను ఇంటర్‌లో ఏ గ్రూపు చదివినవారైనా రాయవచ్చు. అందులో ఒక భాగం కంప్యూటరు మీద జరుగుతుంది, రెండో భాగంలో కాగితం మీద చేతితో గీయాలి. కాబట్టి తొమ్మిదో తరగతిలో ఈ పనుల మీద ఆసక్తి చూపిన పిల్లలను ఎంపీసీ తప్ప వేరే దారి లేదని తొందరపెట్టనవసరం లేదు.