లారీ సెల్ఫ్ మోటార్: డ్రైవర్లు అనేది, బెంచీ మీద తేలేది

విజయవాడ ఆటోనగర్‌లో నా బెంచీ మీదికి వచ్చే లారీ సెల్ఫ్ మోటార్లలో (ఇంజన్‌ని మొదట తిప్పి లేపే మోటార్లు) చాలావాటికి అసలు జబ్బే ఉండదు. జబ్బు బ్యాటరీలోనో, కేబుల్‌లోనో, ఛాసిస్‌కి బిగించిన ఎర్త్ బోల్టు కింది తుప్పులోనో ఉంటుంది. మోటార్ దించి, బ్రష్‌లు (తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ ముక్కలు) మార్చి ఎక్కిస్తే నాలుగు రోజులు బాగానే లాగుతుంది. ఎక్కించేటప్పుడు టెర్మినళ్ళు రుద్ది గట్టిగా బిగిస్తారు కదా, అందుకు. పేరు మాత్రం కొత్త బ్రష్‌లకి వస్తుంది. రోజూ వినే మాటలు కొన్ని తీసుకుని, వాటిలో నిజమెంతో చెబుతాను.

“టక్ టక్ టక్ మంటోందన్నా, సోలెనాయిడ్ పోయింది”

సోలెనాయిడ్ అంటే మోటార్‌కి కరెంటు కలిపే అయస్కాంతపు స్విచ్చు. చాలాసార్లు ఆ శబ్దానికి అర్థం అది పనిచేస్తోందనే. దాని లోపల రెండు కాయిల్స్ ఉంటాయి. ఒకటి ప్లంజర్‌ని (లోపల కదిలే ఇనుప కడ్డీ) లాగడానికి, రెండోది లాగినదాన్ని పట్టి ఉంచడానికి. ప్లంజర్ కదిలి ఫోర్క్‌తో పినియన్‌ని (మోటార్ చివరి చిన్న పళ్ళ చక్రం) ఫ్లైవీల్ రింగు (ఇంజన్ చక్రం చుట్టూ ఉండే పళ్ళ పట్టీ) మీదికి తోస్తుంది, చివర్లో పెద్ద రాగి కాంటాక్టులను కలుపుతుంది. ఆ క్షణంలో మోటార్ వందల యాంపియర్లు లాగుతుంది. బ్యాటరీ నీరసంగా ఉన్నా, దారిలో వైరు సరిగ్గా లేకపోయినా వోల్టేజీ ఒక్కసారిగా పడిపోతుంది. పట్టి ఉంచే కాయిల్‌కి బలం చాలక ప్లంజర్ వెనక్కి వస్తుంది. కరెంటు ఆగగానే వోల్టేజీ మళ్ళీ లేస్తుంది, ప్లంజర్ మళ్ళీ వెళ్తుంది. అదే టక్ టక్. పట్టి ఉంచే కాయిల్ తెగినా ఇదే శబ్దం వస్తుంది, కాదనను. కానీ అనుమానం ముందు అటు పోకూడదు. ఒకే ఒక్క ‘టక్’ మని ఆగిపోతే మాత్రం కాంటాక్టులు కాలడమో, బ్రష్‌లు అరగడమో అయ్యుండొచ్చు.

మోటార్ దించే ముందు చేయాల్సిన పని ఒకటుంది. అది నేర్చుకుంటే సగం ఖర్చు తప్పుతుంది. లారీలో 12 వోల్టుల బ్యాటరీలు రెండు సిరీస్‌లో ఉంటాయి. ఫుల్ ఛార్జిలో రెండూ కలిపి 25 వోల్టుల పైన చూపించాలి. ఒకరిని సెల్ఫ్ కొట్టమని చెప్పి, మల్టీమీటర్ వైరు ఒకటి బ్యాటరీ ప్లస్ పోస్టు మీద, రెండోది మోటార్ పెద్ద బోల్టు మీద పెట్టండి. క్లాంపు మీద కాదు, సీసం పోస్టు మీదే పెట్టాలి. సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు అక్కడ అర వోల్టు దాటి చూపిస్తే ఆ దారిలోనే ఎక్కడో తేడా ఉంది. అలాగే బ్యాటరీ మైనస్ పోస్టు నుంచి మోటార్ బాడీకి చూడండి. చివరగా రెండు బ్యాటరీల మీద కలిపి చూడండి. సెల్ఫ్ కొట్టేటప్పుడు 19 వోల్టుల కిందికి జారితే బ్యాటరీలను అనుమానించాలి.

అర వోల్టుకే ఇంత గొడవా అంటారేమో. లెక్క చూడండి: 400 యాంపియర్లు పారే దారిలో 5 మిల్లీ ఓమ్‌ల అడ్డు ఉంటే 2 వోల్టులు అక్కడే పోతాయి. 5 మిల్లీ ఓమ్‌లంటే లగ్గు (కేబుల్ కొసన ఉండే బిళ్ళ) కింద కాస్త తుప్పు, అంతే. ఎర్త్ వైపు ఇంకో చిక్కు ఉంది. ఇంజన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది కాబట్టి ఛాసిస్‌కీ దానికీ మధ్య వేరే ఎర్త్ పట్టీ ఉంటుంది. క్లచ్ పనికో, గేర్‌బాక్స్ పనికో విప్పినప్పుడు దాన్ని మళ్ళీ బిగించడం మరచిపోతుంటారు. అప్పుడు కరెంటు యాక్సిలరేటర్ కేబుల్లోంచి దారి వెతుక్కుంటుంది, ఆ కేబుల్ వేడెక్కి కాలుతుంది.

“పెద్ద యాంప్ బ్యాటరీ వేస్తే సెల్ఫ్ కాలిపోతుంది”

కాలదు. 24 వోల్టులు 24 వోల్టులే. మోటార్ తనకి కావలసిన కరెంటే తీసుకుంటుంది. నిజానికి మోటార్‌ని కాల్చేది నీరసపు బ్యాటరీ. మోటార్ వేగంగా తిరిగితే లోపల ఎదురు వోల్టేజీ పుట్టి కరెంటుని అదుపులో పెడుతుంది. నెమ్మదిగా ఈడ్చుకుంటూ తిరిగితే ఆ అదుపు తగ్గి, కరెంటు ఎక్కువసేపు పారి వైండింగ్ వేడెక్కుతుంది. అయితే రెండు బ్యాటరీలూ ఒకే కెపాసిటీవి, ఒకే వయసువి కావాలి. ఒకటి కొత్తది, ఒకటి పాతది వేస్తే కొత్తది కూడా త్వరగా పాతదాని దారే పడుతుంది.

క్యాబిన్‌లో పాటల సెట్టుకీ, ఫ్యానుకీ ఒక్క బ్యాటరీ నుంచే 12 వోల్టులు లాగేవాళ్ళకి చెప్పీ చెప్పీ విసిగిపోయాను. ఆ ఒక్కటీ ఖాళీ అవుతూ ఉంటుంది, రెండోది మోతాదుకి మించి ఛార్జి అవుతూ ఉంటుంది. 24 వోల్టుల నుంచి 12 వోల్టులు ఇచ్చే కన్వర్టర్ పెట్టుకోండి.

“స్టార్ట్ అయ్యేదాకా వదలకూడదు”

సెల్ఫ్ మోటార్‌కి చల్లబరిచే ఫ్యాను ఉండదు. అది కొన్ని సెకన్ల పనికోసమే తయారైంది. 10, 15 సెకన్లు కొట్టి అందుకోకపోతే రెండు నిమిషాలు ఆగండి. డీజిల్ ఇంజన్‌లో నిప్పురవ్వ పుట్టించే స్పార్క్ ప్లగ్ ఉండదు. గాలిని 16, 17 వంతులు నొక్కితే పుట్టే వేడికే డీజిల్ అంటుకుంటుంది, అందుకే తిరిగే వేగం ముఖ్యం. ఇంజన్ చురుగ్గా తిరుగుతూ కూడా అందుకోవడం లేదంటే సెల్ఫ్ తన పని తాను చేసినట్టే. డీజిల్ లైన్‌లో ఎయిర్ పట్టిందేమో చూడాలి.

“వేడి మీద సెల్ఫ్ తీసుకోదు” అనేది మాత్రం అపోహ కాదు. రాగికి డిగ్రీకి 0.4 శాతం చొప్పున అడ్డు పెరుగుతుంది. చల్లగా ఉన్నప్పటికంటే 50 డిగ్రీలు ఎక్కువైతే 20 శాతం. మిర్చి సీజన్‌లో ఎండన పడి లోడుతో గుంటూరు యార్డుకొచ్చి, క్యూలో బండి ఆపి, పది నిమిషాలకి మళ్ళీ సెల్ఫ్ కొడితే మొరాయించేది ఇందుకే. అలాంటప్పుడు కూడా వైర్లు బాగున్న బండి లేస్తుంది, అప్పటికే అరకొరగా నడుస్తున్నది ఆగిపోతుంది.

సోలెనాయిడ్ బోల్టులను స్పానర్‌తో కలిపి, షార్ట్ చేసి లేపడం గురించి ఒక్కమాట. బండి గేర్‌లో ఉంటే ఆ క్షణంలోనే ముందుకి దూకుతుంది, షార్ట్ చేసే మనిషి చక్రాల మధ్య ఉంటాడు. ఎంత తొందరున్నా ఆ పని వద్దు. రాడ్డుతో రెండు దెబ్బలు కొడితే లేస్తుందనేది నిజమే. ఇరుక్కున్న బ్రష్ కదిలి కమ్యూటేటర్‌ని (బ్రష్‌లు ఆనే, తిరిగే రాగి భాగం) తాకుతుంది. అంటే బ్రష్‌లు చివరికొచ్చాయన్నమాట, ఆ ట్రిప్పు దిగగానే మార్పించండి.

“రింగు పళ్ళు పోయాయి, ఫ్లైవీల్ మార్చాలి”

ఆరు సిలిండర్ల ఇంజన్ ఆపినప్పుడు కంప్రెషన్ అడ్డుపడి దాదాపు మూడు చోట్లలో ఏదో ఒకచోటే ఆగుతుంది. నాలుగు సిలిండర్లదైతే రెండు చోట్ల. పినియన్ ఎప్పుడూ అక్కడి పళ్ళనే కొరుకుతుంది కాబట్టి అక్కడే అరుగుతాయి. మిగతా రింగు కొత్తగానే ఉంటుంది. రింగు వేడి చేసి ఎక్కించినదే కనుక దింపి, కొంచెం తిప్పి మళ్ళీ ఎక్కించవచ్చు. అరుగుదల మరీ ఎక్కువైతే రింగు ఒక్కటే మార్చవచ్చు. తిరగేసి మాత్రం ఎక్కించకండి, పినియన్ దూరడానికి పళ్ళకి ఇచ్చిన వాలు అవతలి వైపుకి పోతుంది.

ఇక ప్లంజర్‌కి గ్రీజు దట్టంగా పూస్తే సాఫీగా కదులుతుందనే నమ్మకం. ఇబ్రహీంపట్నం థర్మల్ నుంచి బూడిద తోలే బండ్ల సోలెనాయిడ్ విప్పి చూస్తే తెలుస్తుంది. గ్రీజూ బూడిదా కలిసి సిమెంటులా గడ్డకట్టి, స్ప్రింగు నెట్టినా ప్లంజర్ వెనక్కి రాదు. ప్లంజర్‌ని గుడ్డతో తుడిచి పొడిగా బిగించడమే మా పద్ధతి.