బిల్లయ్యే గంట నుంచి ఆగిపోయిన గంట దాకా: డెవలపర్ పని కొలతల వెనుక కథ

గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ ఆఫీసుల్లో ఈమధ్య డెవలపర్లకు కొత్తరకం సర్వేలు వస్తున్నాయి. బిల్డ్‌కు (రాసిన కోడ్ నడిచే ప్రోగ్రామ్‌గా తయారవడానికి) ఎంతసేపు పడుతోంది, కోడ్ రివ్యూ కోసం (తోటివాళ్లు కోడ్ చూసి ఒప్పుకోవడానికి) ఎన్నాళ్లు ఆగుతున్నారు, ఎవరూ కదిలించకుండా రోజులో ఎంతసేపు పని సాగుతోంది అని అడుగుతారు. అప్రైజల్ ముందు ఇదేం గొడవ అని అనుమానించేవాళ్లే ఎక్కువ. ఆ అనుమానం ఊరికే పుట్టలేదు.

1998లో సైబర్ టవర్స్ తెరిచేనాటికి ఇక్కడి సర్వీస్ కంపెనీలకు వై2కె సవరణలు (2000 సంవత్సరపు తేదీలకు పాత ప్రోగ్రామ్‌లను సరిచేయడం), పాత సిస్టమ్‌ల మెయింటెనెన్స్ పెద్ద ఆదాయం. క్లయింటుకు బిల్లు చాలావరకు మనిషి గంటల లెక్కనే. అందుకే టైమ్‌షీట్ ఎంత నిండింది, బెంచ్ మీద (ప్రాజెక్టు లేకుండా ఖాళీగా) ఎందరున్నారు అన్నవే ముఖ్యమైన అంకెలయ్యాయి. బిల్డ్ కోసం నలభై నిమిషాలు ఖాళీగా కూర్చున్నా అవి బిల్లయ్యే నిమిషాలే. వాటిని తగ్గిస్తే కంపెనీకి ఒరిగేదేమిటి? సాఫ్ట్‌వేర్ తయారీ పద్ధతికి ఇచ్చే అత్యున్నత గుర్తింపైన సీఎంఎం లెవెల్ 5 సర్టిఫికెట్లు ప్రాసెస్‌ను చూశాయి తప్ప కుర్చీలో కూర్చున్నవాడి ఇబ్బందిని చూడలేదు.

అమెరికాలోనూ మొదట లెక్కపెట్టింది కోడ్ లైన్లనే. 1979లో ఐబీఎంకు చెందిన అలన్ ఆల్‌బ్రెక్ట్ ఫంక్షన్ పాయింట్లు తెచ్చి, ప్రోగ్రామ్ పరిమాణాన్ని అది చేసే పనిని బట్టి కొలవమన్నాడు. 1982లో ఆపిల్ మేనేజర్లు వారానికి ఎన్ని లైన్లు రాశారో ఫారంలో నింపమంటే, ఉన్న కోడ్‌ను కుదించి వేగం పెంచిన ప్రోగ్రామర్ బిల్ అట్కిన్‌సన్ ‘మైనస్ 2000’ అని రాసిచ్చాడు. కొన్ని వారాలకు ఆయన్ని ఆ ఫారం అడగడం మానేశారు. తర్వాత పనిని చిన్న విడతలుగా చేసే ఎజైల్ పద్ధతితో స్టోరీ పాయింట్లు (ఒక పని ఎంత పెద్దదో టీము వేసుకునే అంచనా) వచ్చాయి. టీము తన ప్లానింగ్ కోసం పెట్టుకున్న ఆ లెక్కతో మేనేజర్లు టీములను పోల్చడం మొదలుపెట్టగానే మూడు పాయింట్ల పని అయిదైంది.

నికోల్ ఫోర్స్‌గ్రెన్, జెజ్ హంబుల్, జీన్ కిమ్‌ల డోరా (సాఫ్ట్‌వేర్ డెలివరీని కొలిచే పరిశోధన సంస్థ) పరిశోధన మనిషిని వదిలి డెలివరీని కొలిచింది: ఎంత తరచుగా డిప్లాయ్ చేస్తున్నారు (కొత్త కోడ్‌ను వాడకంలోకి తెస్తున్నారు), మార్పు ప్రొడక్షన్‌కు (జనం వాడే సిస్టమ్‌కు) చేరడానికి ఎంతకాలం, ఎన్ని మార్పులు బెడిసికొడుతున్నాయి, మళ్లీ నిలబెట్టడానికి ఎంతసేపు. 2018లో డోరాను గూగుల్ కొనుక్కుంది. 2021లో స్పేస్ అనే కొలత పద్ధతి డెవలపర్ సంతృప్తిని కూడా లెక్కలోకి తెచ్చింది. 2023 నాటి డెవెక్స్ (డెవలపర్ అనుభవం) వ్యాసం మూడింటిని పట్టుకుంది: ఫీడ్‌బ్యాక్ త్వరగా రావడం, బుర్ర మీద భారం, పనిలో లీనమవడం.

హైదరాబాద్ జీసీసీల్లో (విదేశీ కంపెనీల సొంత ఆఫీసులు, మొన్నటిదాకా క్యాప్టివ్ సెంటర్లు అనేవాళ్లం) వీటిలో మొదటిదైన ఫీడ్‌బ్యాకే పెద్ద సమస్య. చలికాలంలో సియాటిల్ మనకంటే పదమూడున్నర గంటలు వెనుక. సాయంత్రం 6కు రివ్యూకు పెట్టిన కోడ్‌పై అక్కడివాళ్లు ఉదయం 10కి కామెంట్ రాస్తే ఇక్కడ రాత్రి 11:30. మర్నాడు పొద్దున జవాబిచ్చేసరికి వాళ్లు ఇంటికెళ్లిపోయి ఉంటారు. కామెంట్ల ఒక్కో విడతకు ఒక రోజు పోతుంది. నాలుగు గంటల కోడింగ్ నాలుగో రోజుకు మెర్జ్ అవుతుంది (అసలు కోడ్‌లో కలుస్తుంది). కంపెనీ మొత్తానికి ఒకే మీడియన్ (మధ్య విలువ) తీస్తే ఇది కనపడదు. సైటువారీగా తీయాలి, రివ్యూ కోసం ఆగిన సమయాన్ని విడిగా చూడాలి. మందు తెలిసిందే: ప్రతి మాడ్యూల్‌కూ ఇక్కడే ఇద్దరికి అప్రూవల్ హక్కు ఇవ్వడం, మార్పులను చిన్నవిగా పంపడం. హక్కులు వదులుకోవడానికి అవతలి టీము ఒప్పుకోవడమే కష్టం.

సిస్టమ్ దానంతటదే రాసుకునే లాగ్‌లూ మోసం చేస్తాయి. బిల్డ్ ఆరు నిమిషాలే అని డ్యాష్‌బోర్డ్ చూపిస్తుంది, డెవలపర్లు మాత్రం నెమ్మది అంటారు. నిలకడలేని టెస్టులు ఫెయిలై మూడుసార్లు రన్ చేయాల్సి వస్తే, ఆ ఆరు నిమిషాలు పాసైన చివరి రన్‌వి మాత్రమే. సర్వే అవసరం ఇక్కడే. కాకపోతే అయిదుగురి కంటే చిన్న టీము ఫలితాలను విడిగా చూపిస్తే ఎవరేమన్నారో తెలిసిపోతుంది. చెప్పినవాటిలో ఒక్కటైనా బాగుచేయకపోతే తర్వాతి సర్వే ఎవరూ నింపరు.

ఇప్పుడు ఏఐ టూల్స్‌తో పాత లైన్ల లెక్క మళ్లీ వస్తోంది, ‘ఏఐ రాసిన కోడ్ శాతం’ అనే పేరుతో. 2025లో ఏఐని పరీక్షించే మీటర్ (METR) సంస్థ అనుభవమున్న 16 మంది ఓపెన్‌సోర్స్ డెవలపర్లతో 246 పనులు చేయించింది. ఏఐ వాడినప్పుడు వాళ్లకు 19 శాతం ఎక్కువ సమయం పట్టింది. తాము మాత్రం 20 శాతం వేగంగా చేశామనుకున్నారు. ఆ పరీక్ష ఆనాటి టూల్స్‌కే పరిమితం. అయినా ‘ఏఐతో మీ వేగం పెరిగిందా’ అని సర్వేలో అడిగే కంపెనీ, ఆ జవాబును రివ్యూ, రీవర్క్ (చేసినదాన్ని మళ్లీ సరిచేయడం) సమయాల పక్కన పెట్టి చూడాల్సిందే.