లైసెన్సు తీరింది, పాట పోయింది: వీడియో గేముల్లో హిప్‌హాప్ నేపథ్యం

తెలుగులో గేమింగ్ లైవ్‌లు పెట్టే కుర్రాళ్ళలో చాలామంది జీటీఏ (ఊరంతా కార్లు నడుపుతూ, తుపాకులు పేలుస్తూ ఆడే నేరాల గేమ్) తెరవగానే సెట్టింగ్స్‌లోకి పోయి, ఆ ఆటలో కారెక్కితే మోగే రేడియోను బంద్ చేస్తారు. పాట కాసేపు మోగినా కాపీరైట్ క్లెయిమ్ పడుతుందేమోనని టెన్షన్. క్లెయిమ్ పడితే వీడియో మీద వచ్చే నాలుగు రూపాయలూ పాట హక్కుదారుల ఖాతాలోకి పోతాయి. దాంతో నల్గొండలోనో జడ్చర్లలోనో ఫోన్ పట్టుకుని ఆ వీడియోలు చూసే పిల్లలకు ఆ ఆటంటే బండ్ల చప్పుడు, తుపాకుల మోత, ఆడేవాడి మాటలు. ఆ ఆటకు ఊపిరి పోసిన ర్యాప్ వాళ్ళ చెవిన పడటమే లేదు. అసలు ఆ పాటలు గేముల్లోకి ఎలా వచ్చాయి, ఎందుకు పోతున్నాయి?

టీవీకి తగిలించి క్యాసెట్లు మార్చుకుంటూ ఆడిన రోజుల్లో గేమ్ సంగీతమంటే చిప్ పలికించే కూతలే. మనిషి గొంతుతో పూర్తి పాట పట్టేంత చోటు ఆ క్యాసెట్‌లో ఉండేది కాదు. 1994 డిసెంబరులో జపాన్‌లో సోనీ ప్లేస్టేషన్ సీడీలతో వచ్చాక ఆ ఇరుకు తీరింది. 1996లో మసాయా మాత్సురా 'పారప్పా ద ర్యాపర్' చేశాడు. అందులో హీరో టోపీ పెట్టుకున్న కుక్కపిల్ల. గురువు ఒక లైను పాడితే, తాళం తప్పకుండా బటన్లు నొక్కి కుక్కపిల్ల చేత తిరిగి పాడించాలి. మొదటి గురువు ఉల్లిపాయ తల ఉన్న కరాటే మాస్టర్! చూడ్డానికి చిన్నపిల్లల ఆటే గానీ, ర్యాప్‌నే ఆటగా మార్చిన తొలి పెద్ద ప్రయత్నం అది.

ఆ తర్వాత వేగం పెరిగింది. 2000లో వచ్చిన 'టోనీ హాక్స్ ప్రో స్కేటర్ 2'లో పబ్లిక్ ఎనిమీ, నాటీ బై నేచర్ అనే ర్యాప్ బృందాలు వినిపించాయి. 2003లో 'డెఫ్ జామ్ వెండెటా'లో డీఎమ్‌ఎక్స్, మెథడ్ మ్యాన్ లాంటి ర్యాపర్లే కుస్తీ వీరులయ్యారు. అదే ఏడాది 'నీడ్ ఫర్ స్పీడ్ అండర్‌గ్రౌండ్' ర్యాపర్ లిల్ జాన్ పాటతో కార్లను ఉరికించింది.

అన్నిటికన్నా లోతుగా పోయింది మాత్రం 2004 నాటి 'జీటీఏ శాన్ ఆండ్రియాస్'. కథాకాలం 1992. ఊరు లాస్ ఏంజెలెస్‌ను పోలిన లాస్ శాంటోస్. నేరం చేసిన పోలీసు అధికారి నిర్దోషిగా బయటపడగానే ఊరు భగ్గుమంటుంది. 1992 ఏప్రిల్‌లో, రాడ్నీ కింగ్ అనే నల్లజాతి వ్యక్తిని కొట్టిన కేసులో పోలీసులకు అనుకూలంగా తీర్పు వచ్చాక లాస్ ఏంజెలెస్‌లో నిజంగా జరిగిందదే. ఆ కోపాన్ని అప్పటికే పాడుతున్నవాళ్ళ గొంతులే గేమ్‌లోని రేడియో లాస్ శాంటోస్‌లో వినిపిస్తాయి. ప్లేబ్యాక్ ఎఫ్‌ఎంలో డీజేగా మాట్లాడేది పబ్లిక్ ఎనిమీకి చెందిన చక్ డీ. హీరో సీజేకి గొంతు ఇచ్చిందీ యంగ్ మేలే అనే ర్యాపరే. మాస్టర్ సౌండ్స్ అనే ఇంకో స్టేషన్‌లో పాత ఫంక్ పాటలు (ర్యాప్‌కు ముందటి నల్లజాతి డ్యాన్స్ సంగీతం) వస్తాయి. ర్యాపర్లు ముక్కలు కోసుకుని వాడుకున్న మూలాలవి. స్టేషన్లు మార్చుతూ వింటే ఒక సంగీతం ఎక్కడ పుట్టి ఎటు పారిందో అర్థమయ్యేది. ఇంత శ్రద్ధగా ర్యాప్ పాఠం చెప్పిన గేమ్ నాకు ఇంకోటి కనబడలేదు.

2005 జూన్‌లో అది పీసీకి వచ్చింది. నల్గొండ క్లాక్‌టవర్ సెంటర్, మహబూబ్‌నగర్ న్యూటౌన్ లాంటి చోట్ల నెట్ సెంటర్లు కిక్కిరిసి ఉన్న కాలమది. అయితే హార్డ్‌డిస్క్ నుంచి హార్డ్‌డిస్క్‌కు తిరిగిన కాపీల్లో చాలావరకు 'రిప్' వెర్షన్లే. అసలు గేమ్ నాలుగు జీబీ దాటుతుంది. సైజు తగ్గించడానికి ముందుగా కోత పెట్టేది రేడియోకే. కారెక్కితే ఇంజిన్ శబ్దం తప్ప ఇంకేమీ ఉండేది కాదు. ఆ ఖాళీని నింపుకునే దారి గేమ్‌లోనే ఉంది. మై డాక్యుమెంట్స్‌లో గేమ్ పేరుతో ఉండే ఫోల్డర్ తెరిచి, 'యూజర్ ట్రాక్స్'లో ఎంపీ3లు వేసి, ఆడియో మెనూలో స్కాన్ కొడితే చాలు, మన పాటలే ఒక స్టేషన్ అవుతాయి. అట్లా లాస్ శాంటోస్ రోడ్ల మీద తెలుగు సినిమా పాటలు, జానపదాలు మోగాయి. ఆ ఫోల్డర్‌లోకి దోస్తులు పెన్‌డ్రైవ్‌లో తెచ్చిన ఎమినెమ్, 50 సెంట్ కూడా చేరారు. ఇక్కడి కుర్రాళ్ళలో చాలామందికి ర్యాప్ పరిచయమైంది ఈ దొడ్డిదారినే.

ఇక అసలు చిక్కు లైసెన్సులది. ఒక పాటను గేమ్‌లో పెట్టాలంటే రాసి స్వరపరిచినవాళ్ళ హక్కు వేరు, రికార్డింగ్ హక్కు వేరు. రెండూ కొనాలి. హిప్‌హాప్‌లో ముడి ఇంకా ఎక్కువ. ఒక్కో పాటలో పాత రికార్డుల నుంచి కోసుకున్న ముక్కలు, అంటే శాంపిళ్ళు ఉంటాయి, వాటికీ హక్కుదారులు ఉంటారు. బిజ్ మార్కీ అనే ర్యాపర్ పాట మీద 1991 డిసెంబరులో అమెరికా కోర్టు ఇచ్చిన తీర్పుతో, అనుమతి లేకుండా శాంపిల్ వాడటం ప్రమాదమని సంగీత కంపెనీలకు అర్థమైంది. ఇంత కష్టపడి కొన్న లైసెన్సుకూ చాలాసార్లు గడువు ఉంటుంది. 2004లో గేమ్ అంటే డిస్క్. అమ్మితే పని అయిపోయినట్టే. పదేళ్ళ తర్వాత కూడా అదే గేమ్ ఆన్‌లైన్‌లో అమ్ముడవుతుందని ఒప్పందాలు రాసినవాళ్ళు ఊహించినట్టు లేరు.

ఫలితం 2014 నవంబరులో కనబడింది. ఆన్‌లైన్‌లో గేములు అమ్మే స్టీమ్‌లో శాన్ ఆండ్రియాస్‌కు వచ్చిన అప్‌డేట్‌లో ర్యాపర్ టూపాక్, లాస్ ఏంజెలెస్ ప్రాంతపు ర్యాప్ బృందం ఎన్‌డబ్ల్యూఏ పాటలు సహా పలు పాటలు ఎగిరిపోయాయి. 2018 ఏప్రిల్‌లో, విడుదలై పదేళ్ళు నిండుతుండగా, జీటీఏ 4 వంతు వచ్చింది. అందులో ఎక్కువ దెబ్బ తిన్నది రష్యన్ పాటల స్టేషన్. ఇక 2020లో వచ్చిన 'సైబర్‌పంక్ 2077' అయితే లైసెన్సు పాటలను ఆపేసే మీటను మొదటి నుంచే సెట్టింగ్స్‌లో పెట్టింది, లైవ్‌లు చేసేవాళ్ళ కోసం.

1992 నాటి నల్లజాతి వాడ కథలోంచి ఎన్‌డబ్ల్యూఏను తీసేయడమంటే, సుద్దాల హనుమంతు పాటలు లేకుండా నల్గొండ సాయుధ పోరాటం కథ చెప్పడమే. సినిమా పదేళ్ళు నిండాక అందులోంచి పాటలు కోసేస్తే ఊరుకుంటామా? డబ్బు పెట్టి కొన్న గేమ్‌కు మాత్రం ఆ మర్యాద ఎందుకు దక్కదు? గేమ్ అమ్మకంలో ఉన్నంతకాలం చెల్లేలా లైసెన్సులు కొనాలి. కోట్లలో అమ్ముడయ్యే గేములకు అది మోయలేని భారమేమీ కాదు. పాటకు గడువుంటే ఆ సంగతి కొనేముందే పేజీ మీద రాయాలి.

ఈలోపు ఎవరి ఇంట్లోనైనా శాన్ ఆండ్రియాస్ 2005 నాటి ఒరిజినల్ డీవీడీ ఉంటే పారేయకండి. గేమ్ ఎక్కించాక కనబడే 'ఆడియో' ఫోల్డర్‌ను ఇంకోచోట కాపీ చేసి పెట్టుకోండి. డిస్క్ గీతలు పడితే చదవదు గానీ, ఏ అప్‌డేటూ దాని జోలికి రాలేదు.