‘భవనం మున్సిపాలిటీది కదా, అంతా వాళ్లే చూసుకుంటారు’: వయోవృద్ధుల కేంద్రాలపై అపోహలు - వాస్తవాలు

మున్సిపల్ కార్యాలయాల్లో, అందులోనూ ఎక్కువ కాలం రెవెన్యూ విభాగంలో, 27 ఏళ్లు పనిచేసి పదవీ విరమణ పొందాను. ఇప్పుడు మా జిల్లాలోని వయోవృద్ధుల సంఘాలకు కాగితాల పనిలో చేతనైన సాయం చేస్తున్నాను. ఉద్యోగంలో ఉన్నప్పుడూ, సంఘాల మధ్యకు వచ్చాకా నేను పదేపదే విన్న మాట ఒకటుంది: ‘భవనం మున్సిపాలిటీది కదండీ, అంతా వాళ్లే చూసుకుంటారు.’ ఈ మాటను నమ్ముకున్న ఒక కేంద్రానికి పోయిన నెలలో కరెంటు తీసేశారు. నాలుగు నెలల బిల్లు మున్సిపాలిటీ కడుతోందని సంఘం అనుకుంది. మీటరు సంఘం పేరున ఉంది కనుక సంఘమే కడుతోందని మున్సిపాలిటీ అనుకుంది. డెబ్బై దాటిన వారు ఎండాకాలం మధ్యాహ్నం ఫ్యాను లేని హాలులో విసనకర్రలతో కూర్చుని ఉండగా అక్కడికి వెళ్లాను. ఆ రోజే ఇది రాయాలని నిర్ణయించుకున్నాను.

నేను మాట్లాడుతున్నది మన పట్టణాల్లో ఎక్కువగా కనిపించే తరహా కేంద్రాల గురించి. స్థలమో భవనమో మున్సిపాలిటీది, నడిపేది రిజిస్టరైన ఒక సంఘం. పగటిపూట పెద్దలు వస్తారు, పత్రికలు చదువుకుంటారు, క్యారమ్స్ ఆడుకుంటారు, వారానికోసారి బీపీ, షుగరు చూపించుకుంటారు, కొన్నిచోట్ల మధ్యాహ్న భోజనం కూడా ఉంటుంది. నివాసముండే వృద్ధాశ్రమాల సంగతి వేరు.

అపోహ: మున్సిపాలిటీ భవనం కనుక పర్యవేక్షణ అంతా మున్సిపాలిటీదే.

వాస్తవం ఏమిటంటే, ఇటువంటి కేంద్రం విషయంలో మున్సిపాలిటీ ప్రధానంగా ఆస్తి యజమాని. పెద్దల సంక్షేమానికి మనకున్న ముఖ్యమైన చట్టం 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం. అది బాధ్యతలను రాష్ట్ర ప్రభుత్వానికి, జిల్లా కలెక్టరుకు, ఆర్డీవో స్థాయి అధికారి నడిపే ట్రిబ్యునలుకు అప్పగించింది కానీ, పగటి కేంద్రాల రోజువారీ నిర్వహణ చూడమని మున్సిపల్ కమిషనరుకు చెప్పలేదు. రాజ్యాంగం 12వ షెడ్యూలులో బలహీన వర్గాల ప్రయోజనాల రక్షణ పట్టణ సంస్థలకు అప్పగించదగిన పనుల జాబితాలో ఉన్న మాట నిజమే. అయితే జాబితాలో ఉన్నంత మాత్రాన మీ కేంద్రం హాజరు పట్టీ, క్యాష్ బుక్కు తనిఖీ చేయడానికి ఎవరో ఒకరు ప్రతి నెలా వస్తారని అర్థం కాదు.

మరి మున్సిపాలిటీకి మీ కేంద్రంపై ఉన్న అధికారమూ, మీ పట్ల ఉన్న బాధ్యతా ఎక్కడ ఉంటాయి? రెండు కాగితాల్లో ఉంటాయి. ఒకటి, భవనాన్ని సంఘానికి ఇస్తూ చేసిన కౌన్సిల్ తీర్మానం. రెండోది, దాని ప్రకారం కమిషనరుకూ సంఘానికీ మధ్య కుదిరిన ఒప్పందం. ఎంత కాలానికి ఇచ్చారు, దేనికి వాడుకోవాలి, అద్దె ఉందా లేదా, కరెంటు, నీటి బిల్లులు ఎవరివి, చిన్న మరమ్మతులు ఎవరివి, పైకప్పు ఎవరిది, పెళ్లిళ్లకూ సభలకూ హాలును అద్దెకివ్వవచ్చా అనేవన్నీ వాటిలోనే ఉంటాయి, లేదా ఉండాలి. అక్కడ రాయని బాధ్యతను ఇరువైపులా ఎవరూ తమదిగా భావించరు. నేను చూసిన సంఘాల్లో చాలావాటి దగ్గర ఈ రెండింటి నకళ్లు లేవు. ప్రారంభోత్సవం ఫొటో మాత్రం గోడకు ఉంటుంది.

ఇది ఎంత ఖరీదైన అజ్ఞానమో నాకు 2014లో తెలిసివచ్చింది. నేను పనిచేస్తున్న పట్టణంలో ఒక వయోవృద్ధుల కేంద్రం పైకప్పు రెండేళ్లుగా వర్షానికి కారుతోంది. కార్యదర్శి గారు ఆ సంగతి వార్డు కౌన్సిలరుకు నోటిమాటగా చెప్పారు, కౌన్సిలరు ఇంజనీరింగ్ విభాగం ఏఈకి (అసిస్టెంట్ ఇంజనీరుకు) నోటిమాటగానే చెప్పారు, అక్కడితో ఆ మాట ఆగిపోయింది. ఆ జూలైలో స్లాబు పెచ్చు ఊడి క్యారమ్ బోర్డు మీద పడింది. ఆడుకుంటున్న నలుగురిలో ఒక విశ్రాంత ఉపాధ్యాయుడి మణికట్టు విరిగింది. అప్పుడు రికార్డు గదిలోంచి ఫైలు తీసి చూశాం. సున్నాలు, బల్బులు, కుళాయిలు సంఘం చూసుకోవాలనీ, గోడలు, పైకప్పు మరమ్మతులు సంఘం రాతపూర్వకంగా తెలియజేసిన మీదట మున్సిపాలిటీ చేయించాలనీ ఒప్పందంలో స్పష్టంగా ఉంది. కార్యాలయానికి వచ్చిన ఉత్తరాలను నమోదు చేసే ఇన్‌వార్డు రిజిస్టరును, ఆ రెండేళ్లదీ, పేజీ పేజీ నేనే తిరగేశాను. సంఘం నుంచి ఒక్క ఉత్తరమూ నమోదు కాలేదు. ఆ ఫైలు మా విభాగానిదే అయినా అందులో ఏముందో నాకూ అంతవరకు తెలియదు. ఆ పెద్దాయన ఆసుపత్రి మంచం మీద ‘ఎవరికి రాయాలో తెలిస్తే నేనే రాసేవాణ్ణి బాబూ’ అన్న మాట ఇప్పటికీ నన్ను వదల్లేదు.

కష్టం అక్కడితో తీరలేదు. ఒప్పందం గడువు మూడేళ్ల కిందటే ముగిసిందని, ఎవరూ పొడిగింపు కోరలేదని అదే ఫైలులో బయటపడింది. పట్టణ స్థానిక సంస్థల లెక్కలను 1989 నాటి రాష్ట్ర ఆడిట్ చట్టం ప్రకారం స్టేట్ ఆడిట్ శాఖ తనిఖీ చేస్తుంది. గడువు తీరిన ఒప్పందం మీద, ఎవరి స్వాధీనంలో ఏ హక్కుతో ఉందో తేలని భవనం మీద మున్సిపల్ నిధులు ఖర్చుపెడితే రేపు ఆడిట్ అభ్యంతరం తన మెడకు చుట్టుకుంటుందని ఇంజనీరు భయపడ్డాడు. ఆ భయాన్ని నేను తప్పుపట్టలేను. ముందు పొడిగింపు తీర్మానం, తర్వాత ఎస్టిమేటు, ఆ తర్వాత టెండరు అయ్యేసరికి 11 నెలలు గడిచాయి. అన్నాళ్లూ పెద్దలు వరండాలో కూర్చున్నారు. ఆ 11 నెలలు పోగొట్టింది నిర్లక్ష్యం కన్నా ఎక్కువగా ఈ అపోహే.

అందుకని కార్యవర్గాల్లో ఉన్నవారికి నా మనవి. తీర్మానం, ఒప్పందం నకళ్లు రేపే సంపాదించండి. గడువు తేదీని నోటీసు బోర్డు మీద రాసిపెట్టండి, పొడిగింపు దరఖాస్తును గడువుకు కనీసం ఆరు నెలల ముందే ఇవ్వండి, ఎందుకంటే అది కౌన్సిల్ అజెండాలోకి ఎక్కడానికే సమయం పడుతుంది. ఏ ఇబ్బంది వచ్చినా కమిషనరు పేరున ఒక కాగితం రాసి, ఇన్‌వార్డు నంబరు వేయించుకుని, ముద్ర పడిన నకలు దాచుకోండి. అన్ని కాగితాలూ కార్యదర్శి ఇంటి బీరువాలో కాక కేంద్రంలో ఉంచండి. ఒక సంఘం ఒప్పంద పత్రం కోసం, మరణించిన పాత కార్యదర్శి గారి ఇంటికి వెళ్లి ఆయన భార్యను అడగవలసి వచ్చింది. సంవత్సరీకం కూడా కాని ఇంట్లో ఆ ప్రశ్న అడగడం ఎంత కష్టమో అడిగిన వారికే తెలుసు.

కౌన్సిలరు గారు మాటిచ్చారు కదా అని ఆగిపోవడం కూడా ఈ అపోహలో భాగమే. మున్సిపల్ పాలకవర్గం గడువు రాజ్యాంగం ప్రకారం 5 ఏళ్లు. ఆ తర్వాత ఎన్నికలు ఆలస్యమైతే స్పెషల్ ఆఫీసరు వస్తారు, ఆయనకు పాత కౌన్సిలరు చెప్పిన మాట తెలియదు, తెలియవలసిన అవసరమూ లేదు. తీర్మానం పుస్తకంలో ఉన్నది మాత్రం ఆయనకూ వర్తిస్తుంది. మాటిచ్చిన వారి మంచితనాన్ని నేను శంకించడం లేదు. ఆ మాటను తీర్మానంగా మార్చమని మర్యాదగా అడగమంటున్నాను.

అపోహ: ప్రశ్నిస్తే కేంద్రం మూసేస్తారు, పింఛను ఆపేస్తారు.

ఈ పుకారు పుట్టించేవారి మీద నాకు కోపం వస్తుంది. దాన్ని నమ్మి భయపడేవారిని చూస్తే మాత్రం జాలేస్తుంది. రెండేళ్ల కిందట ఒకావిడ మా ఇంటికి వచ్చి, వాకిలి తలుపు వేయమని అడిగి మరీ కూర్చున్నారు. శాశ్వత సభ్యత్వానికని 5,000 రూపాయలు కట్టారట, రసీదు ఇవ్వలేదట, మూడుసార్లు అడిగితే ‘ఇట్లా గొడవ చేస్తే మున్సిపాలిటీ వాళ్లు తాళం వేస్తారు, నీ పింఛనుకీ ఎసరొస్తుంది’ అన్నారట. భర్త పోయాక ఆవిడకు నలుగురితో మాట్లాడే చోటు ఆ కేంద్రమొక్కటే. డబ్బు పోయినా ఫర్వాలేదు, అక్కడికి రానివ్వకపోతే ఎట్లా అన్నదే ఆవిడ బెంగ.

వృద్ధాప్య పింఛనుకు అర్హత వయసునూ, కుటుంబ పరిస్థితినీ బట్టి ప్రభుత్వం పెట్టిన నియమాలతో తేలుతుంది. ఒక సంఘాన్ని రసీదు అడగడం అనర్హతల జాబితాలో లేదు. కేంద్రం కార్యవర్గానికి పింఛను జాబితా మీద ఏ అధికారమూ లేదు. ఇక భవనం సంగతికొస్తే, ఒక సభ్యురాలు లెక్క అడిగిందని మున్సిపాలిటీ తాళం వేసిన సందర్భం నా 27 ఏళ్ల ఉద్యోగంలో ఒక్కటీ చూడలేదు. గడువు తీరి, అద్దె బకాయి పడి, హాలును పెళ్లిళ్లకు తిప్పుతున్నారని తేలి నోటీసులు ఇచ్చిన సందర్భాలు చూశాను. ఆ నోటీసులకు కారణమైన విషయాలు ముందే ఎవరైనా అడిగి ఉంటే సరిదిద్దుకునేవే. ఆవిడ చేత సంఘం అధ్యక్షుడి పేరున నాలుగు వాక్యాల ఉత్తరం రాయించాను, రిజిస్టరు పోస్టులో పంపించాం. పది రోజుల్లో రసీదు వచ్చింది. ఆవిడ ఇప్పటికీ అక్కడికి వెళ్తున్నారు.

అపోహ: అది ప్రైవేటు సంఘం, దాని లెక్కలు బయటివారు అడగడానికి వీల్లేదు.

సగం నిజాన్ని పూర్తి నిజంగా చెప్పుకోవడం వల్ల వచ్చిన చిక్కు ఇది. 2005 నాటి సమాచార హక్కు చట్టం ప్రకారం ప్రభుత్వ నిధులతో గణనీయంగా నడిచే స్వచ్ఛంద సంస్థ కూడా ప్రజా సంస్థ కిందికే, అంటే అడిగినవారికి సమాచారం ఇవ్వవలసిన సంస్థ కిందికే, వస్తుంది. 2019 సెప్టెంబరులో డీఏవీ కళాశాల ట్రస్టు కేసులో తీర్పు చెబుతూ సుప్రీంకోర్టు, గణనీయం అంటే సగానికి మించి ఉండనక్కరలేదనీ, నగరంలో ఉచితంగా గానీ భారీ రాయితీతో గానీ ఇచ్చిన భూమి కూడా అటువంటి సాయమే కావచ్చుననీ వివరించింది. మీ సంఘం ఆ పరిధిలోకి వస్తుందా అన్నది దాని వాస్తవాలను బట్టి తేలవలసిన ప్రశ్న. వాదన ఎటు తేలినా, మున్సిపాలిటీ దగ్గర ఉన్న కాగితాలకు ఆ చిక్కు లేదు. తీర్మానం, ఒప్పందం, మరమ్మతుల ఖర్చు, ఆ భవనంపై వచ్చిన ఆడిట్ అభ్యంతరాలు, ఇచ్చిన నోటీసులు, ఇవన్నీ మున్సిపల్ కార్యాలయం ప్రజా సమాచార అధికారికి 10 రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టి తీసుకోవచ్చు. 30 రోజుల్లో సమాధానం రావాలి, రాకపోతే అదే కార్యాలయంలోని పై అధికారికి మొదటి అప్పీలు ఉంది. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారు రుసుము కట్టనక్కరలేదు.

సభ్యులకైతే ఇంత దూరం వెళ్లే పని లేదు. సర్వసభ్య సమావేశంలో నిలబడి జమాఖర్చులు అడగడం సభ్యుడి హక్కు. సమావేశమే జరపడం లేదంటే అదే మొదట రాయవలసిన ఫిర్యాదు.

అపోహ: కార్యవర్గం బాగాలేదంటే కమిషనరు దాన్ని రద్దు చేస్తారు.

చేయలేరు. సంఘం 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఏర్పడింది. ఏటా కార్యవర్గ జాబితా సొసైటీల రిజిస్ట్రారుకు చేరాలి. అసలు కార్యదర్శి ఎవరన్న తగాదా వస్తే ఆ చట్టం 23వ సెక్షను ప్రకారం మధ్యవర్తిత్వానికైనా, జిల్లా కోర్టుకైనా వెళ్లాలి. తగాదా తేల్చమని కమిషనరు చుట్టూ రెండేళ్లు తిరిగిన రెండు వర్గాలను నాకు తెలుసు. ఆయన చేయగలిగింది ఒప్పంద షరతులు ఉల్లంఘించారని నోటీసు ఇవ్వడమే. అది జరిగితే నష్టపోయేది రెండు వర్గాలూ కాదు, అక్కడికి వచ్చి పత్రిక చదువుకునే మిగతా 60 మంది.

మిగిలినవి త్వరగా చెబుతాను. పిల్లలు పోషణ ఇవ్వకపోతే, ఆదరిస్తామన్న షరతుతో ఆస్తి రాయించుకుని మాట తప్పితే ఆర్డీవో దగ్గరి ట్రిబ్యునలుకు వెళ్లవచ్చు. కేంద్రం లెక్కల తగాదాకు అది చోటు కాదు. ధర్మంగా భోజనం పెడుతున్నాం కనుక ఆహార భద్రత, ప్రమాణాల చట్టం వర్తించదనుకోవడం పొరపాటు, 2006 నాటి ఆ చట్టం లాభాపేక్ష ఉన్నా లేకపోయినా వర్తిస్తుంది. ఎవరికి చెప్పుకోవాలో అసలే తోచని పెద్దలకు వయోవృద్ధుల హెల్ప్‌లైన్ 14567 నంబరు ఉంది, ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు పలుకుతారు. మున్సిపాలిటీ పలకకపోతే సోమవారం కలెక్టరేటులో అర్జీ ఇవ్వవచ్చు. తెలంగాణలో దాన్ని ప్రజావాణి అంటారు. అక్కడైనా మొదట అడిగేది మున్సిపాలిటీకి ఇచ్చిన కాగితం నకలునే.

కరెంటు పోయిన ఆ కేంద్రం ఒప్పందం ఎట్టకేలకు దొరికింది. బిల్లు సంఘమే కట్టాలని ఐదో షరతులో ఉంది. సభ్యులు తలా కొంత వేసుకుని బకాయి తీర్చారు. నిన్న ఫోను చేస్తే ఫ్యాన్లు తిరుగుతున్నాయన్నారు. ఒప్పందం గడువు వచ్చే మార్చితో తీరుతుంది, పొడిగింపు దరఖాస్తు ఇంకా ఇవ్వలేదు. దాని ముసాయిదా రాసి ఆదివారం తీసుకువస్తానని చెప్పాను.