ఏడాదికి ఒక్క మైక్రోమోల్

మనం వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో దాదాపు నాలుగో వంతు సముద్రంలోకి పోతోందని పత్రికలు రాస్తుంటాయి. ఈ లెక్క ఎవరు తేల్చారు, ఎలా తేల్చారు అన్నది ఒక పాఠకుడి ప్రశ్న. జవాబు సీసాల్లో ఉంది.

కార్బన్ డయాక్సైడ్ నీటిలో కరుగుతుందని బడి పుస్తకాలు ఒక్క వాక్యంలో తేల్చేస్తాయి. సముద్రపు నీటిలో వాయువుగా మిగిలేది 1 శాతం లోపే. మిగతాదంతా బైకార్బొనేట్, కార్బొనేట్ రూపాల్లో ఉంటుంది. అందుకే ఈ మూడింటినీ కలిపి ‘కరిగిన అకర్బన కార్బన్’ అని కొలుస్తారు. పైపొరల్లో ఇది కిలో నీటికి సుమారు 2000 మైక్రోమోళ్లు (మోల్ అంటే అణువులను లెక్కగట్టే కొలమానం, మైక్రోమోల్ అందులో పదిలక్షో వంతు). మన పొగ వల్ల ఏటా పెరిగేది సుమారు 1.

అంటే 60 కిలోల మనిషి ఏడాదిలో 30 గ్రాములు పెరిగాడని పట్టుకోవాలి. తూచే యంత్రం ప్రతిసారీ ఒకటి కాదు. ఆ మనిషి అప్పుడే భోంచేసి వచ్చి ఉండొచ్చు, తడిబట్టలతో నిలబడి ఉండొచ్చు. ఈ చిక్కులన్నీ సముద్రం దగ్గరా ఉన్నాయి.

తప్పులు నీళ్లు పట్టేటప్పుడే మొదలవుతాయి. లోతుల్లో నీరు పట్టి మూతపడి పైకొచ్చిన ‘నిస్కిన్’ అనే పెద్ద సీసాకు గొట్టం తగిలించి, దాని రెండో కొసను 500 మిల్లీలీటర్ల గాజుసీసా అడుగుదాకా దించి, బుడగ రాకుండా నింపాలి. నిండాక కనీసం ఇంకో సగం సీసా నీళ్లు పొర్లిపోవాలి. నిస్కిన్ తెరిచాక ఆలస్యం చేస్తే పైన చేరిన గాలితో నీరు వాయువు ఇచ్చిపుచ్చుకుంటుంది. అందుకే ఆక్సిజన్ నమూనా తీసిన వెంటనే దీని వంతు. చివర్లో 1 శాతం ఖాళీ వదలాలి, లేకపోతే నీరు వేడెక్కి మూతను తన్నేస్తుంది. ఆపైన సంతృప్త మెర్క్యురిక్ క్లోరైడ్ ద్రావణం 100 మైక్రోలీటర్లు వేయాలి. ఈ విషం పడకపోతే సూక్ష్మజీవులు సీసాలోనే శ్వాసిస్తూ కార్బన్‌ను పెంచేస్తాయి. చేతి తొడుగులు తప్పనిసరి. మూతకు గ్రీజు రాసి రబ్బరు బ్యాండుతో బిగిస్తారు.

కొలిచే పద్ధతి నాకు భలే ఇష్టం. నీటిలో ఫాస్ఫారిక్ ఆమ్లం కలిపితే కార్బన్ అంతా వాయువైపోతుంది. నైట్రోజన్ దాన్ని కూలోమీటర్ (పారిన కరెంటును లెక్కపెట్టే యంత్రం) సెల్‌లోకి మోసుకెళ్తుంది. అక్కడ ఇథనోలమైన్ అనే రసాయనం దాన్ని పట్టి ఆమ్లంగా మార్చగానే, సూచికగా వేసిన థైమాల్‌ఫ్తలీన్ నీలిరంగు వెలిసిపోతుంది. రంగు మళ్లీ మునుపటి స్థాయికి వచ్చేదాకా కరెంటు పారి క్షారాన్ని పుట్టిస్తుంది. 96,485 కూలంబుల (కూలంబు విద్యుదావేశపు కొలమానం) కరెంటుకు 1 మోల్ కార్బన్. కార్బన్ పరమాణువులను ఎలక్ట్రాన్లతో లెక్కపెట్టడమే ఇది! సెల్ ద్రావణం పాతబడితే మాత్రం నీరు పోయకుండానే అంకె కదులుతుంది. అప్పుడు మార్చేయాలి.

అన్నీ కుదిరినా దోషం 1 నుంచి 2 మైక్రోమోళ్లు ఉంటుంది. కాబట్టి ఏడాది పెరుగుదల కనబడదు. అందుకే ఓడలు సుమారు పదేళ్లకోసారి అదే దారిలో మళ్లీ వెళ్తాయి.

ఇక యంత్రాల తేడా. కాలిఫోర్నియాలోని స్క్రిప్స్ సంస్థలో ఆండ్రూ డిక్సన్ ప్రయోగశాల 1990ల నుంచి విలువ ముందే నిర్ధారించిన సముద్రపు నీటి సీసాలను ప్రపంచానికి పంపింది. ఎవరి యంత్రమైనా ముందు ఆ సీసాకు సరైన జవాబు చెప్పాలి. ఇంకో తనిఖీ కూడా ఉంది. పసిఫిక్‌లో 2000 మీటర్ల కింద మన కార్బన్ ఇంకా పెద్దగా చేరలేదు. అక్కడ రెండు ఓడల అంకెలు తేడాగా వస్తే మార్పు సముద్రానిది కాదు, యంత్రాలదే.

భోజనం బరువు తీసేయడానికి ఆక్సిజన్ సాక్ష్యం. ప్రాణులు 170 ఆక్సిజన్ అణువులు వాడుకుంటే సుమారు 117 కార్బన్ చేరుతుంది, ఆ మేరకు తీసేస్తారు. తడిబట్టలంటే వానా ఆవిరీ: అవి ఉప్పుతోపాటు కార్బన్‌నూ పలచన, చిక్కన చేస్తాయి. లవణీయత 35 (కిలో నీటిలో సుమారు 35 గ్రాముల ఉప్పు) ఉన్నట్టు లెక్కగట్టి సరిచేస్తారు.

ఇంతా చేసి 2019లో సముద్ర శాస్త్రవేత్త నికొలస్ గ్రూబర్ బృందం తేల్చింది: 1994 నుంచి 2007 వరకు సముద్రాలు అదనంగా 3,400 కోట్ల టన్నుల కార్బన్‌ను దాచుకున్నాయి, అటూఇటూ 400 కోట్లు. ఆ కాలపు ఉద్గారాల్లో ఇది 31 శాతం, పత్రికలు రాసే నాలుగో వంతు కంటే కొంచెం ఎక్కువే.

శీతకాలపు దక్షిణ మహాసముద్రంలోకి ఓడలు వెళ్లడం అరుదు. అక్కడ పీహెచ్ (నీటి ఆమ్లత) సెన్సర్లున్న ఫ్లోట్లు నెలలతరబడి మునిగి తేలుతూ కొలుస్తాయి, ఆ అంకె నుంచి కార్బన్‌ను లెక్కగడతారు. ఆ సెన్సర్ల అంకెలు కాలంతో మెల్లగా పక్కకు జరిగిపోతాయి. వాటిని సుమారు 1500 మీటర్ల లోతులో ఉండాల్సిన విలువతో పోల్చి సరిచేస్తారు. ఆ విలువను లెక్కగట్టేది ఓడలు పట్టుకొచ్చిన సీసాల నుంచే.